గోడ కడుపులో ఏముంది?

రాతి కట్టడానికి సర్కారు ఇంజనీర్లు రాసుకున్న స్పెసిఫికేషన్ చదవడానికి ఏమంత కులాసాగా ఉండదు. రాయిని పెట్టే ముందు తడపాలి. గోడ ముఖం మీద ప్రతి అర చదరపు మీటరుకు కనీసం ఒక్క త్రూ రాయి రావాలి, అంటే గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా సాగే పొడుగు రాయి. లోపల కూరే చిల్లరాళ్లు మొత్తం రాతిలో ఐదో వంతుకు మించకూడదు. మాలు సందు మొండి రాళ్లతో కట్టే మామూలు ఆర్.ఆర్. మేసనరీలో 20 మిల్లీమీటర్లు, రాళ్లను వరసలుగా పేర్చే మొదటి రకం సి.ఆర్.ఎస్.లో 10, నునుపుగా చెక్కిన రాళ్ల ఆష్లర్ పనిలో 5 దాటకూడదు. కట్టాక ఏడు రోజులు నీళ్లు కొట్టాలి. పేజీల కొద్దీ ఇదే వరస. ఎవరో గుమాస్తా కూర్చుని రాసినట్టుంటుంది.

కాస్త ఆగి చూస్తే మాత్రం ఒక సంగతి తడుతుంది. సందుల మందం తప్పిస్తే వీటిలో చాలామటుకు కట్టడం పూర్తయ్యాక కంటికి కనిపించనివే. రాతి గోడకు రెండు ముఖాలుంటాయి, మధ్యలో కడుపు ఉంటుంది. ముఖాలు ఎప్పుడూ బాగానే ఉంటాయి, డబ్బిచ్చేవాడు చూసేది వాటినే గనుక. కడుపులో ఏం వేశారో మేస్త్రీకీ దేవుడికీ తెలియాలి. రాతి పనికి నియమాలు పుట్టుకొచ్చిన కథంతా ఆ కడుపులోకి తొంగిచూడ్డానికి మనుషులు పడ్డ పాట్ల కథే.

ఈ తగువు ఎంత పాతదంటే, క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దపు రోమన్ ఇంజనీరు విట్రూవియస్ తన పది భాగాల గ్రంథంలో దీని మీద సణుక్కున్నాడు. మనవాళ్లు తొందరపడి రెండు ముఖాలూ లేపేస్తారు, మధ్యలో రాతి ముక్కలూ సున్నమూ కుమ్మరించేస్తారు అన్నది ఆయన బాధ. గ్రీకులు అలా చెయ్యరట. రాళ్లను పడుకోబెట్టి, ఒకటి అడ్డం ఒకటి పొడుగు మార్చుకుంటూ కడతారట. నడుమ నడుమ గోడ మందమంతా ఒకే రాయి దూర్చి, దాని రెండు కొసలూ రెండు వైపులా కనబడేలా పెడతారట. మన టెండర్ షెడ్యూలులోని త్రూ రాయి ఇదే. రెండు వేల ఏళ్ల కిందట తెలిసిన విషయాన్ని ఇప్పటికీ కాంట్రాక్టు కాగితంలో రాసి, కింద సంతకం పెట్టించుకోవలసి వస్తోందంటే ఎక్కడో మనిషి బుద్ధిలోనే ఏదో ఇరుకు ఉంది.

ఆ ఇరుకు అర్థం కానిదేమీ కాదు. గోడ మందమంతా సాగే రాయి దొరకడం కష్టం, మోయడం మరీ కష్టం. ముఖానికి పనికొచ్చే చదరపు రాయి తీయడానికి ఉలీ సుత్తీ పట్టుకుని గంటలు కూర్చోవాలి. చెక్కగా రాలిన ముక్కలు కాళ్ల కిందే ఉంటాయి. వాటిని నడుమ పోసేస్తే గోడ చకచకా లేస్తుంది. చిక్కు తర్వాత మొదలవుతుంది. పైన బరువు పడేకొద్దీ లోపలి చిల్లరాయి సర్దుకుంటూ కిందికి దిగుతుంది, దిగుతూ పక్కలకు తోస్తుంది. వాన నీరు దిగితే మట్టి మెత్తబడి ఆ తోపు ఎక్కువవుతుంది. కొన్నేళ్లకు గోడ పొట్ట వేస్తుంది. అప్పటికి కట్టినవాడు ఊళ్లో ఉండడు.

మన పాత కట్టడాలవాళ్లు ఈ చిక్కును రకరకాలుగా దాటారు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేయించిన ఓరుగల్లు రాతికోటలో పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలను సున్నం లేకుండానే ఒకదానికొకటి అతికేలా చెక్కి పేర్చారు. వెనక మట్టికట్ట పోసి, దాని మీదికి మెట్లు కట్టారు. అంటే రాతిగోడకు అసలు కడుపే లేదు, వీపుకు ఒక కొండ ఉంది. రాజుల సొమ్ముతో కట్టే కోటకు అలాంటి దిమ్మెలు చెల్లుతాయి. చెరువు తూముకూ, వంతెనకూ, మామూలు మనిషి ఇంటికీ చెల్లవు. అక్కడ చిన్న రాళ్లు తప్పవు. చిన్న రాళ్లకు జిగురు తప్పదు.

ఆ జిగురు మన దగ్గర గానుగ సున్నం. తెలంగాణలో డంగు సున్నం అంటారు. గుండ్రటి కాలువలో రాతి చక్రాన్ని ఎద్దులతో తిప్పించి, సున్నాన్నీ ఇసుకనూ మెత్తగా నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపేవారు. నీటిలో నిలవాల్సిన పనికి ఇటుకపొడి పడేది, అదే సుర్కీ. సున్నం ఒక్కటే అయితే గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడాలి. మందపాటి గోడ నడిబొడ్డుకు ఆ గాలి అందదు. కాలిన మట్టిలోని సిలికా తోడైతే సున్నం దానితో కలిసి, గాలి అవసరం లేకుండా తడిలోనే గట్టిపడుతుంది. ఈ రసాయనం పేరు తెలియకపోయినా ఫలితం మన తాపీవాళ్లకు బాగా తెలుసు. గోడ కడుపు గట్టిపడ్డది ఇటుకపొడి పుణ్యాన.

ఇంగ్లండులో ఇదే సంగతిని జాన్ స్మీటన్ 1756లో పరీక్షలు చేసి పట్టుకున్నాడు. సముద్రం నడుమ ఎడ్డీస్టోన్ అనే బండ మీద దీపస్తంభం కట్టాలి. అంతకు ముందువి ఒకటి తుపానుకు కొట్టుకుపోయింది, ఒకటి కాలిపోయింది. రకరకాల సున్నపురాళ్లు తెప్పించి కాల్చి చూసి, శుద్ధమైన రాయి కంటే మట్టి కలిసిన రాయి ఇచ్చే సున్నమే నీళ్లలో గట్టిపడుతుందని తేల్చాడు. అప్పటిదాకా తెల్లటి, స్వచ్ఛమైన సున్నమే మేలని అందరి నమ్మకం. గ్రానైటు రాళ్లను ఒకదానిలోకొకటి కొరికి పట్టేలా చెక్కించి 1759కి స్తంభం పూర్తి చేశాడు. మట్టి కలిసిన సున్నపురాయి అన్న ఈ ఎరుక దారిలోనే 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటు పేటెంటు వచ్చింది.

ఇక్కడ హైదరాబాదు వైపు ఒక పక్కదారి పట్టాలి. 19వ శతాబ్దం తొలి దశాబ్దంలో, నిజాం దివాను మీర్ ఆలం పేరిట కట్టిన చెరువు కట్ట నేటికీ నిలిచి ఉంది. అది తిన్నని గోడ కాదు. నీటి వైపుకు ఉబ్బిన 21 అర్ధచంద్రాకారపు కమాన్లు పక్కపక్కన నిలబడ్డాయి. నీరు తోసినకొద్దీ కమానులోని రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. విడిపోయే లాగుడు ఎక్కడా పుట్టదు. దాని ఆకారమే త్రూ రాయి పని చేస్తుంది. ఇంత తెలివైన కట్ట మన ఊళ్లోనే ఉండగా ఆనకట్టల చరిత్ర చెప్పేవాళ్లు ఫ్రాన్సుతో మొదలుపెట్టడం నాకెప్పుడూ కొంచెం కష్టంగానే ఉంటుంది. అయితే ఆ దారి పెద్దగా ముందుకు సాగలేదు. మందపాటి గోడ దారే సాగింది.

ఆ దారిలో మనకు బాగా తెలిసిన మజిలీ ధవళేశ్వరం. 1847లో ఆర్థర్ కాటన్ పని మొదలుపెట్టేనాటికి గోదావరిలో ఆయన ఎదుట ఉన్నది రాయి కాదు, లోతు తెలియని ఇసుక. పునాదికి బండ లేనిచోట రాతి కట్టడం ఎలా? కావేరి మీది పాత ఆనకట్ట కల్లణైని చూసి ఆయన పాఠం నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. ఇసుకలో మొండి రాళ్లు పోయాలి. నీరు వాటి కింద ఇసుకను తవ్వుతుంది, రాళ్లు దిగుతాయి. మళ్లీ పోయాలి. దిగడం ఆగాక అదే పునాది. బావులు దింపి వాటి మీద ముందు గోడ లేపి, పైన సున్నంతో రాతి కట్టడం పరిచి, దిగువన విడిరాళ్ల పరుపు వేశారు. ధవళేశ్వరం కొండ నుంచే రాయి తవ్వారు. వేలమంది చేతుల మీద 1852కి నాలుగు పాయల మీదా ఆనకట్ట నిలబడింది. ఆ పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు గోదావరి జిల్లాలవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కడుపులో విడిరాళ్లే ఉన్నాయి, కానీ అవి తెలిసి పోసినవి. ఎంత దిగుతాయో, దిగితే ఏం చెయ్యాలో ముందే అనుకుని పోసినవి. తప్పుడు గోడకూ దీనికీ తేడా అక్కడుంది.

పబ్లిక్ వర్క్స్ శాఖలు ఏర్పడ్డాక ఇంకో కొత్త సమస్య పుట్టింది. అంతకు ముందు మేస్త్రీ దొర దగ్గరో, జమీందారు దగ్గరో పని చేసేవాడు. పాడైతే ఆయన ముఖం చూడాలి. కాంట్రాక్టు పద్ధతిలో రాతి పనికి కూలి ఘనపుటడుగుల లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తారు, హెచ్చిస్తారు, ధరతో గుణిస్తారు. ఈ లెక్కకు గోడ లోపల రాయి ఉన్నా ఒకటే, గాలి ఉన్నా ఒకటే. నిజానికి గాలి ఉంటేనే కాంట్రాక్టరుకు మిగులు. గాలికి రాయి రేటు కట్టే ఈ పద్ధతికి విరుగుడుగానే స్పెసిఫికేషన్ పెరిగి పెద్దదైందని నా అభిప్రాయం. మద్రాసు రాష్ట్రం రాసుకున్న డిటైల్డ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్లు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మనకు వారసత్వంగా వచ్చాయి. దేశమంతటికీ ఒకటి ఉండాలని భారత ప్రమాణాల సంస్థ 1967లో రాతి కట్టడానికి కోడ్ తెచ్చింది. ఒక భాగం మొండి రాతికి, ఇంకో భాగం చెక్కిన రాతికి.

ఆ స్పెసిఫికేషన్ల వాక్యాల్లో ప్రతి దాని వెనకా ఒక దొంగదారి మూసిన గుర్తు ఉంది. రాయిని తడపమన్నది ఎందుకు? ఎండకు కాలిన పొడిరాయి మాలులోని నీళ్లు పీల్చేస్తుంది, మాలు గట్టిపడకుండా పొడిగా రాలుతుంది. తడపకపోతే మేస్త్రీకి ఒక మనిషి కూలి మిగులుతుంది. చిల్లరాయిని మాలులో నొక్కి కొట్టాలన్నది ఎందుకు? పొడి ముక్కలు పోసేసి పైన పలచటి మాలు ఒలకబోయడం తేలిక. అది పైపొరలోనే ఆగిపోతుంది, కింద ఖాళీలు అలాగే ఉంటాయి. పొరలున్న రాయిని దాని పడక మీదే పెట్టాలన్న నియమం కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల రాయి వాడేవాళ్లకు చెప్పనక్కర్లేదు. భూమిలో ఎలా పడుకుని ఉందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. నిలబెడితే పొరలు విచ్చుకుంటాయి. గ్రానైటుకు ఈ పేచీ లేదు. గోడ ఒక భాగం పక్క భాగం కంటే మీటరు మించి ఎత్తు లేవకూడదన్నది రెండూ సమంగా దిగడానికి.

ఇంటి గోడ కూలితే ఒక ఇల్లు పోతుంది. ఆనకట్ట కూలితే ఊళ్లు పోతాయి. అందుకే కడుపు మీద అసలైన లెక్కలు ఆనకట్టలవాళ్లే చేశారు. స్పెయిన్‌లో 1791లో పూర్తయిన పుయెంటెస్ ఆనకట్ట 50 మీటర్ల ఎత్తు. నది మధ్యలో బండ అందకపోతే గులకలో దుంగలు దించి వాటి మీద కట్టేశారు. 1802లో మొదటిసారి జలాశయం బాగా నిండగానే నీరు కింది గులకను కోసుకుపోయింది. గోడ పక్కలు నిలబడే ఉన్నాయి, నడుమ ద్వారం లాంటి కంత పడింది. 608 మంది చనిపోయారు.

అప్పటిదాకా ఆనకట్ట మందం అనుభవం మీద, ధైర్యం మీద నిర్ణయించేవారు. 1853లో ఫ్రెంచి ఇంజనీరు సాజీలీ దాన్ని లెక్కలోకి దించాడు. జలాశయం నిండినప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ రాతి మీద పడే ఒత్తిడి ఎక్కడా హద్దు దాటని ఆకారం ఏది అని అడిగాడు. ఆ లెక్క ప్రకారం సెయింట్ ఎతియెన్ ఊరి దగ్గర ఫ్యూరాన్ నది మీద కట్టిన ఆనకట్ట 1866లో పూర్తయింది. తర్వాతి మెట్టుకు కారణం మన బొంబాయి. నగరానికి నీళ్లు తెచ్చే పనిలో ఉన్న మునిసిపల్ ఇంజనీరు కెప్టెన్ టలక్ రాతి ఆనకట్ట ఎలా కట్టాలో చెప్పమని గ్లాస్గో ప్రొఫెసర్ రాంకిన్‌ను అడిగాడు. 1872లో వచ్చిన రాంకిన్ నివేదికలో ఒక మాట తర్వాతి ఆనకట్టలన్నిటికీ ఆధారమైంది. మాలు నొక్కుడును భరిస్తుంది, లాగుడును భరిస్తుందని నమ్మకూడదు. కాబట్టి గోడ బరువూ నీటి తోపూ కలిసిన బలం ఎప్పుడూ గోడ మందంలో నడిమి మూడో వంతులోనే పడాలి. అప్పుడు రాళ్లు ఎక్కడా విడివడాలని చూడవు. అదే ఏడాది డిసెంబరులో రాంకిన్ చనిపోయాడు.

లెక్కలో ఇంకా ఒక కంత మిగిలే ఉంది. ఫ్రాన్సులోని బూజే ఆనకట్ట 1895 ఏప్రిల్ 27న పైభాగం విరిగి పడింది. 80 మందికి పైగా పోయారు. ఆ గోడ అంతకు పదకొండేళ్ల ముందే ఒకసారి తన చోటి నుంచి కదిలింది, మరమ్మతు చేసి మళ్లీ నింపారు. అప్పుడు తెలిసొచ్చింది, నీరు ఆనకట్టను పక్క నుంచి తోయడమే కాదు, సందుల్లోంచి లోపలికి దూరి కింది నుంచి పైకి ఎత్తుతుందని. వంద మీటర్ల లోతున నీటి ఒత్తిడి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 10 కిలోలు. అంత ఒత్తిడితో గోడ కడుపులో చేరిన నీరు గోడ బరువునే తగ్గించేస్తుంది. బరువే ఆయుధంగా నిలిచే కట్టడానికి ఇంతకంటే చేటు లేదు. నీటి వైపు ముఖంలో ప్రతిచోటా రాతిలో ఉండే నొక్కుడు అక్కడి నీటి ఒత్తిడి కంటే ఎక్కువగా ఉండాలని మోరీస్ లెవీ నియమం పెట్టాడు. ఆ తర్వాత ఆనకట్టల కడుపులో మనిషి నడిచే సొరంగాలు, ఊటనీటిని పట్టి బయటికి పంపే బోర్లు మామూలయ్యాయి. గోడ కడుపును కూరి మూసెయ్యడం కంటే లోపల తలుపు పెట్టుకుని చూస్తూ ఉండడం మేలని తేలింది. మన వైపు ఇంజనీరు పెన్నీక్విక్ కట్టిన ముల్లపెరియార్ ఆనకట్ట కూడా 1895లోనే పూర్తయింది. అప్పటికి ఈ ఎరుక లేదు. దాని లోపల సున్నం, సుర్కీ. ఎనభై ఏళ్లు దాటాక దానికి ఉక్కు కేబుళ్లతో లంగరు వేసి, వెనక కాంక్రీటు దన్ను కట్టాల్సి వచ్చింది.

20వ శతాబ్దంలో ప్రపంచం కాంక్రీటు వైపు మళ్లింది. మనం వెంటనే మళ్లలేదు. కృష్ణరాజసాగరం, నిజాంసాగరం, తుంగభద్ర అన్నీ రాతి కట్టడాలే. వీటన్నిటి తర్వాత, అమెరికావాళ్లు హూవర్ కట్టి ఇరవై ఏళ్లయ్యాక, మన దేశంలోనే భాక్రా ఆనకట్ట కాంక్రీటుతో లేస్తుండగా, 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట రాతితో కట్టాలని నిర్ణయమైంది. అదే నాగార్జునసాగర్. ముక్త్యాల రాజా పట్టుదల, 1952లో ఖోస్లా కమిటీ సిఫారసు, కె.ఎల్. రావు కృషి గురించి చాలా రాశారు. రాయి ఎందుకన్న దాని మీద రాసింది తక్కువ.

మొదటి జవాబు అందరికీ తెలిసిందే. సిమెంటు కరువు, యంత్రాలకు విదేశీ మారకం కరువు. మనుషులకు మాత్రం కరువు లేదు. నిజమే, కానీ ఇది పేదరికపు సర్దుబాటు మాత్రమే కాదు. కాంక్రీటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఆనకట్ట అంత మందంలో ఆ వేడి బయటికి పోక, తర్వాత చల్లారుతూ పగుళ్లిస్తుంది. అందుకే హూవర్‌లో కాంక్రీటు లోపల గొట్టాలు పరిచి చల్లటి నీళ్లు పారించారు. రాతి కట్టడంలో సగానికి పైగా రాయే. రాయి వేడి పుట్టించదు. మాలు తక్కువ, కట్టే వేగమూ తక్కువ కనుక వేడి ఎప్పటికప్పుడు పోతుంది. చల్లార్చే యంత్రాంగమే అక్కర్లేదు. ఇంకో సంగతి, నదీగర్భంలో దొరికింది గ్రానైటు. పునాదీ గోడా ఒకే తీరు రాయి.

అయినా పునాదిలోంచి 124 మీటర్లకు పైగా లేచే, 1,450 మీటర్ల పొడవున్న గోడను మనుషుల చేత కట్టించడం అంటే ఏమిటో ఆ రోజుల ఫొటోలు చూస్తే తెలుస్తుంది. వెదురు పరంజాల మీద ఏటవాలు దారులు. వాటి మీద చీమలబారు. తల మీద మాలు తట్టలు ఆడవాళ్లవి. ఇద్దరిద్దరు కర్రకు రాయి వేలాడదీసుకుని భుజాన మోస్తున్నది మగవాళ్లు. వడ్డెర కుటుంబాలు రాయి కొట్టాయి. పల్నాడు నుంచి, నల్లగొండ నుంచి, ముఖ్యంగా పాలమూరు నుంచి మనుషులొచ్చారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ కనిపించే పాలమూరు కూలీల పేరు ఇలాంటి చోట్లే స్థిరపడింది.

వేలమంది తాపీ మేస్త్రీలు, ఒక్కొక్కరిది ఒక్కో చెయ్యి. ఏ మేస్త్రీ ఎక్కడ ఖాళీ వదిలినా వంద మీటర్ల నీరు దాన్ని వెతికి పట్టుకుంటుంది. అక్కడే స్పెసిఫికేషన్ పాత్ర మారిపోయింది. కాంట్రాక్టరు దొంగతనాన్ని పట్టుకునే కాగితంగా ఉన్నది వేల చేతుల్ని ఒక్క చెయ్యిగా చేసే పనిముట్టయింది. రాయి కడగాలి, తడపాలి, మాలు పరుపు మీద పెట్టి కదిలించి దింపాలి, పక్క రాయికి తగలకుండా మధ్యలో మాలు నిండాలి, సందుల్లో చిల్లరాయి సుత్తితో దిగాలి. రాళ్ల వరసలు ఒకే మట్టంలో రాకూడదు. వస్తే ఆ మట్టం వెంబడి నీరు జారుతుంది, గోడే జారొచ్చు. అందుకని ప్రతి దశలోనూ కొన్ని రాళ్లు తలెత్తి ఉండాలి, పై వరస వాటిని పట్టుకోవాలి. ఇంటి గోడకు మట్టంగా కట్టడం నేర్పు, ఆనకట్టకు మట్టం తప్పించడమే నేర్పు. రసమట్టంతో బతికిన మేస్త్రీకి ఇది ఎంత వింతగా తోచి ఉంటుందో!

కట్టాక కూడా నమ్మలేదు. రాతి ఆనకట్టల్లో కట్టిన చోట గుంట తవ్వి లోపల చూడడం, బోరు వేసి నీళ్లు ఎక్కించి ఎంత పీలుస్తుందో కొలవడం ఒక పద్ధతిగా స్థిరపడి, తర్వాత భారత ప్రమాణాల్లోకీ చేరింది. విట్రూవియస్ గొణిగిన కడుపులోకి చివరికి ఒక కొలబద్ద దిగింది.

నీటి అడుగుకు పోయే నాగార్జునకొండ లోయలో అదే సమయంలో పురావస్తుశాఖవాళ్లు తవ్వుతున్నారు. ఇక్ష్వాకుల కాలపు స్తూపాలు, స్నానఘట్టాలు, మంటపాలు పల్నాటి సున్నపురాతితో కట్టినవి బయటపడ్డాయి. కొన్నిటిని విడదీసి కొండ మీదికి చేర్చి మళ్లీ కట్టారు. ఆ సున్నపురాయే మాచర్లలో సిమెంటుగా మారుతోంది. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. 26 గేట్లు 1974 నాటికి పూర్తయ్యాయి. అంత పెద్ద రాతి ఆనకట్ట తర్వాత ఎవరూ తలపెట్టలేదు. సిమెంటు దొరికింది, కూలి పెరిగింది, మిక్సర్లొచ్చాయి. రాతి పని ఇళ్ల పునాదులకూ, కాంపౌండు గోడలకూ, చెరువు కట్టల రివిట్‌మెంటుకూ, రోడ్ల పక్క దన్ను గోడలకూ తగ్గింది.

ఆనకట్టల్లో ఇంత నేర్చుకున్నది ఊళ్లలో ఇళ్ల దాకా రాలేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగింటికి ముందు, మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో కిల్లారి చుట్టుపక్కల భూమి కదిలింది. హైదరాబాదులోనూ జనం లేచి బయటికొచ్చారు. తీవ్రత 6.2. ప్రపంచ లెక్కల్లో అది పెద్ద భూకంపమేమీ కాదు. చనిపోయినవాళ్లు మాత్రం పదివేలకు దగ్గర. నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డవి సొంత గోడలూ సొంత కప్పులూ.

ఆ ఇళ్ల గోడలు సన్నవి కావు. రెండడుగులు, మూడడుగులు మందం. బయట ఒక రాతి వరస, లోపల ఒక రాతి వరస, నడుమ మట్టీ ముక్కలూ. త్రూ రాళ్లు లేవు. రెండు పుస్తకాలు పక్కపక్కన నిలబెట్టినట్టు, అవి ఒకదాన్నొకటి పట్టుకోలేదు. ఊపుకు ఒక ముఖం లోపలికి, ఇంకోటి బయటికి ఒరిగాయి. పైన దూలాల మీద అడుగుల మందాన పోసిన మట్టి కప్పు నేరుగా దిగింది. రాయలసీమ మిద్దె ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ వర్ణన వింతగా ఉండదు. రాతి గోడ, మట్టి మాలు, దంతెల మీద చవుడు మట్టి, అదే కట్టుబడి. ఎండకు చల్లగా ఉంటుందనీ, మందం ఉంటే బలమనీ తరతరాల నమ్మకం. చల్లదనం నిజం. కిల్లారిలో ఎంత మందమైన గోడ అంత ఎక్కువ బరువుగా మనుషుల మీద పడింది. అప్పటి మ్యాపులో ఆ ప్రాంతం భూకంప భయం అతి తక్కువ ఉన్న మొదటి జోనులో ఉండేది. 2002లో ఆ మొదటి జోనునే ఎత్తేశారు.

అదే 1993లో, తక్కువ బలం గల కట్టడాలకు భూకంప రక్షణ మీద వెలువడిన భారత ప్రమాణం రాతి ఇళ్ల గురించి స్పష్టంగా చెప్పింది. గోడ మందం 450 మిల్లీమీటర్లు మించొద్దు. నిలువునా ప్రతి 600 మిల్లీమీటర్లకు, అడ్డంగా ప్రతి 1.2 మీటర్లకు ఒక త్రూ రాయి ఉండాలి. అంత పొడుగు రాయి దొరక్కపోతే కాంక్రీటు దిమ్మె, లేదా ఎస్ ఆకారంలో వంచిన ఇనుప చువ్వ మాలులో కప్పి పెట్టొచ్చు. గోడలన్నిటినీ చుట్టి పట్టే లింటెల్ బ్యాండు వెయ్యాలి. విట్రూవియస్ అందమైన రాళ్ల గురించి చెప్పిన చోట ఇక్కడ చువ్వ ముక్క చాలు.

కొత్త ఇళ్ల సంగతి సరే, నిలబడి ఉన్న పాత గోడల మాటేమిటి? భూకంపం తర్వాత మరమ్మతుల కార్యక్రమంలో మేస్త్రీలకు నేర్పిన పని ఇది: గోడలో గుర్తు పెట్టిన చోట ఒక రాయిని దెబ్బ తగలకుండా కదిలించి తీయాలి, మట్టిని చేత్తో గీరి అవతలి ముఖం దాకా 75 మిల్లీమీటర్ల కంత చెయ్యాలి. అందులో రెండు కొసలా కొక్కెం వంచిన 8 మిల్లీమీటర్ల చువ్వ పెట్టాలి, కాంక్రీటు కూరాలి, పది రోజులు తడుపుతూ ఉండాలి. మీటరు దూరంలో ఇంకోటి. సుత్తి గట్టిగా తగిలితే గోడే కదిలి పడుతుంది. కట్టే రోజున ఒక పొడుగు రాయి వెతికి పెట్టడానికి బద్ధకించిన చోట ఇంత సర్కస్.

కొత్తగా కట్టే గోడల్లో ఈ గొడవ రాకుండా కేంద్ర పబ్లిక్ వర్క్స్ శాఖ స్పెసిఫికేషన్‌లో ఇంకో చిన్న షరతుంది. త్రూ రాళ్లన్నిటికీ రంగుతో గుర్తు పెట్టాలి. ఇంజనీరు వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. అయితే అరడుగు లోతున్న రాయి కొసకు ఈ వైపూ, ఎదురుగా ఉన్న ఇంకో అరడుగు రాయి కొసకు ఆ వైపూ రంగు పూయడానికి అడ్డేమీ లేదు. బయటి నుంచి చూస్తే రెండూ కలిపి ఒకే రాయి. అందుకే తెలిసిన ఇంజనీరు గోడ పూర్తయ్యాక టేపు పట్టుకుని రాడు. వరస ఇంకా తెరిచి ఉండగా, పై మాలు పడకముందే వచ్చి, గోడ మీదికెక్కి, ఒక్కో రాయిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, ఆ తర్వాతే ఎం-బుక్ తెరుస్తాడు.